కూసేది తీగా? పికప్పా?

స్టేజి మీద గిటార్ కూత పెట్టిందంటే కంగారులో నాబులన్నీ తిప్పేస్తాం. కాస్త ఆగండి. ముందు కుడి అరచెయ్యి ఆరు తీగల మీదా అడ్డంగా ఒత్తిపెట్టండి. కూత ఆగిపోయిందా, గిటార్‌కి ఏ రోగమూ లేదు. మీరు నిలబడ్డ చోటో, గెయినో, కాళ్ల దగ్గరున్న మానిటరో కారణం. తీగలు నొక్కిపెట్టినా కీచుమంటూనే ఉందా, ఇక తీగల జోలికి పోనక్కర్లేదు, అనుమానం పికప్ మీదే. అప్పుడు గిటార్ మీది వాల్యూమ్ సున్నాకి తిప్పండి. దానికీ లొంగకపోతే గిటార్‌నీ వదిలేయండి. జబ్బు పెడల్లోనో ఆంప్‌లోనో ఉంది.

మొత్తం మూడు సెకన్ల పని. ఇది తెలియక నేను నాలుగేళ్లు తిట్లు తిన్నాను.

భీమవరంలో ఒక పెళ్లి రిసెప్షన్. రెండో చరణానికి ముందు ఎనిమిది బార్లు నా సోలో. డిస్టార్షన్ తొక్కానో లేదో, ప్రెషర్ కుక్కర్ విజిల్ లాంటిది మొదలైంది. కుక్కర్ విజిల్ అయితే కాసేపటికి ఆగుతుంది, ఇది ఆగలేదు. బంతిలో కూర్చున్నవాళ్లు ముద్ద చేతిలోనే పట్టుకుని స్టేజి వైపు చూశారు. పాడే అమ్మాయి ఒక చెవి మూసుకుని, రెండో చెవితో పల్లవి ఎత్తుకుంది. ట్రూపు లీడరు ఏమీ అనలేదు. రాత్రి ఇచ్చిన కవర్లో మాత్రం రెండు వందలు తగ్గాయి.

మర్నాడు ఎవరో షీల్డింగ్ చేయించమన్నారు. రాగి రేకు టేపు తెప్పించి, ఆదివారమంతా కూర్చుని గిటార్ గుంటల్లో చక్కగా అంటించాను. తర్వాతి ప్రోగ్రాంలో 'బుయ్య్' మనే హమ్ము కాస్త తగ్గింది. కూత మాత్రం అలాగే ఉంది. ఉండక ఏం చేస్తుంది? హమ్ముకి వాడే మందు కూతకి వాడాను.

కాబట్టి డబ్బు తీసే ముందు ఆ చప్పుడు ఎక్కణ్ణించి పుడుతోందో పట్టుకోవాలి. స్టూడియోలో కూర్చుని వాయించేవాళ్లకి ఈ బాధ తక్కువ. ఈ మాటలు ఆర్కెస్ట్రాల్లో, పందిళ్లలో, ఫంక్షన్ హాళ్లలో రాత్రికింత అని మాట్లాడుకుని వాయించే తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం.

జరిగేదంతా ఒక చక్రం. తీగ కదిలితే పికప్‌లో చిన్న కరెంటు పుడుతుంది. ఆంప్ దాన్ని పెంచుతుంది. స్పీకరు గాలిని కొడుతుంది. ఆ గాలి తిరిగొచ్చి మళ్లీ తీగని కొడుతుంది. వెళ్లినదానికన్నా తిరిగొచ్చింది తక్కువైతే చప్పుడు చల్లారిపోతుంది. సమానమైతే స్వరం అలాగే నిలబడిపోతుంది. ఎక్కువైందా, వడ్డీ మీద వడ్డీ పడ్డట్టు క్షణంలో కొండంతవుతుంది.

ఇది తీగ కూత. దీనికి ఒక మర్యాద ఉంది. 'ఊఁ' అంటూ మెల్లగా మొదలవుతుంది, మీరు నొక్కిన స్వరంలోనో దాని పై స్థాయిలోనో నిలబడుతుంది, వేలు జరిపితే స్వరం మారుతుంది. ఇది కావాలనుకునేవాళ్లూ ఉన్నారు. 1964లో బీటిల్స్ 'ఐ ఫీల్ ఫైన్' రికార్డు మొదలయ్యేదే దీంతో. జిమీ హెండ్రిక్స్ అయితే దీన్ని ఏడో తీగలా వాయించాడు.

పికప్ కూతకి ఆ మర్యాద లేదు. సన్నగా, చెవిలో సూది గుచ్చినట్టు ఒక్కసారిగా పుడుతుంది. మీరు ఏ ఫ్రెట్ నొక్కినా దాని శ్రుతి దానిదే. ఇది ఎందుకు వస్తుందో తెలియాలంటే పికప్ లోపల ఏముందో చూడాలి.

స్ట్రాటోకాస్టర్ తరహా సింగిల్ కాయిల్ తీసుకోండి. ఆరు అయస్కాంతపు కడ్డీలు, వాటి చుట్టూ 42 గేజి రాగి తీగ. ఆ తీగ మందం సుమారు 0.06 మిల్లీమీటర్లు, అంటే తల వెంట్రుకంత. అలాంటిది దాదాపు 8,000 చుట్లు ఉంటుంది. విప్పి పరిస్తే కిలోమీటరు పొడవు వస్తుంది. విప్పకండి, గోరు తగిలినా తెగుతుంది. ఆ చుట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని గట్టిగా ఉన్నంతకాలం ఏ గొడవా లేదు. వదులుగా ఉన్నాయా, స్పీకరు నుంచి వచ్చే గాలికి ఆ చుట్లే వణుకుతాయి. అయస్కాంతం పక్కన రాగి తీగ కదిలితే కరెంటు పుడుతుందని బళ్లో చదువుకున్నదే. అంటే ఆ పికప్ మీ తీగల్ని వినడంతో ఆగకుండా గదినంతా వింటోంది. మైకైపోయింది. అందుకే దాన్ని మైక్రోఫోనిక్ అంటారు.

వణికేది చుట్లే కానక్కర్లేదు. హంబకర్ మీది లోహపు మూత, అడుగు రేకు, పికప్‌ని మోసే స్ప్రింగులు, వదులైన పిక్‌గార్డు, వీటిలో ఏది వణికినా అంతే. టెలికాస్టర్ బ్రిడ్జి పికప్ అడుగున ఒక లోహపు రేకు ఉంటుంది. అది పాతబడి ఊడితే ఆ గిటార్ కూయడం రిపేరు చేసేవాళ్లందరికీ తెలిసిన సంగతే.

ఇక్కడొక తమాషా చెప్పాలి. గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ అనే ఇంజినీరు రెండు కాయిళ్ల హంబకర్‌కి 1955లో పేటెంటు అడిగాడు. అది చేతికొచ్చేసరికి 1959 అయింది. ఈలోగా 'పేటెంట్ అప్లయిడ్ ఫర్', అంటే పేటెంటుకి దరఖాస్తు చేశామని, ఆ పికప్పుల అడుగున చీటీ అంటించి అమ్మారు. అవే ఇవాళ్టికీ జనం కలవరించే పీఏఎఫ్ పికప్పులు. చుట్లు కదలకుండా పికప్‌ని కరిగిన మైనంలో ముంచుతారు, వాటిని అలా ముంచలేదు. ఆ రోజుల్లో ఆంప్‌ల వాల్యూము అంతంతే కాబట్టి ఇబ్బంది రాలేదు. తర్వాత ఆంప్‌లు నిలువెత్తు పెరిగాక అవే పికప్పులు కూయడం మొదలుపెట్టాయి. ఎడ్డీ వాన్ హేలెన్ తన గిటార్‌లో వేసుకున్న పాత గిబ్సన్ పికప్‌ని ఇంట్లోనే మైనంలో ముంచుకున్నాడు. అంతకుముందు కొన్నిటిని కరగబెట్టి పాడుచేసుకున్నాడు కూడా. మనకి ఇందులో పనికొచ్చే మాట ఒక్కటే: 'పాతకాలపు ధ్వని' అని గొప్పగా చెప్పి అమ్మే పికప్పుల్లో కొన్నిటిని ఇవాళ్టికీ కావాలనే మైనంలో ముంచరు. తక్కువ వాల్యూములో వాటి ధ్వని నిజంగానే బాగుంటుంది. గణపతి పందిట్లో నాలుగు పెద్ద బాక్సుల మధ్య నిలబడి వాయించే మనకి మాత్రం అవి వద్దు. కొనేముందు "ఇది మైనం పట్టించిందేనా?" అని అడగండి.

ఇంట్లో తీరిగ్గా చేసుకోవలసిన పరీక్ష ఒకటుంది. ఆంప్‌లో డిస్టార్షన్ పెట్టి, తీగల మీద చేతిరుమాలు చుట్టి, పికప్ దగ్గర నోరు పెట్టి "హలో" అనండి. మీ గొంతు స్పీకర్లో స్పష్టంగా వినిపిస్తే అది పికప్ కాదు, మైకు. కొంచెం లీలగా వినిపించడం మామూలే, దానికి బెంగపడకండి. తర్వాత ప్లాస్టిక్ పెన్ను వెనక్కి తిప్పి పికప్ మూత, రింగు, పిక్‌గార్డు, వెనక స్ప్రింగుల మూత, ఒక్కోదాన్నీ చిన్నగా తట్టుతూ పోండి. పుచ్చకాయ తట్టి చూసినట్టే. 'టక్' అని ఎక్కడ పెద్దగా వినబడితే దొంగ అక్కడ. చివరిగా కూత వచ్చేదాకా వాల్యూమ్ పెంచి, ఆ దొంగని వేలితో గట్టిగా నొక్కండి. కూత ఆగినా, శ్రుతి మారినా మీరు పట్టుకున్నట్టే.

ఇక మందు సంగతి. పదిసార్లలో ఏడెనిమిదిసార్లు నేను చూసింది తీగ కూతే కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

మనలో చాలామందికి ఈ జబ్బు ఇంట్లోనే పుడుతుంది. రాత్రి పదకొండింటికి, ఇంట్లోవాళ్లు నిద్రపోయాక, ప్రాసెసర్‌కి హెడ్‌ఫోన్స్ తగిలించి ప్యాచ్ తయారుచేస్తాం. చిన్న శబ్దంలో డిస్టార్షన్ పలచగా వినిపిస్తుంది. గెయిన్ పెంచుతాం. ఇంకాస్త నిండుగా ఉండాలని ముందు ఒక కంప్రెసర్ పెడతాం. హెడ్‌ఫోన్స్ నుంచి గాలి వచ్చి తీగల్ని కొట్టదు కాబట్టి ఏ కూతా రాదు. అదే ప్యాచ్ మర్నాడు పన్నెండంగుళాల మానిటర్ ముందు తొక్కుతాం. లెక్క చూడండి: గెయిన్ 20 డెసిబెల్స్ పెంచితే సిగ్నల్ పది రెట్లు, 40 పెంచితే వంద రెట్లు. మీరు వాయించనప్పుడు తీగలో మిగిలిన ఆ కాస్త వణుకు కూడా వంద రెట్లవుతుంది. చక్రం పూర్తవడానికి ఇంకేం కావాలి?

అందుకే ప్యాచ్‌ని స్టేజి వాల్యూములోనే సరిచూసుకోవాలి. అంత వీలు దొరకదంటారా, ఒక మోటు లెక్క చెబుతాను. ఇంట్లో బాగుందనిపించిన గెయిన్‌ని సగానికి తగ్గించండి. పెద్ద శబ్దంలో ఆ సగమే నిండుగా వినిపిస్తుంది. డిస్టార్షన్ ఉన్న ప్యాచ్‌లో కంప్రెసర్ తీసేయండి. అది సన్నగిల్లిపోతున్న శబ్దాన్ని పట్టుకుని పైకి లేపుతుంది. కూతకి నిచ్చెన వేసినట్టే. ప్రతి లీడ్ ప్యాచ్‌కీ రెండు నకళ్లు దాచుకోండి, ఒకటి హాలుకి, ఒకటి గ్రౌండుకి.

తర్వాతది నిలబడే చోటు. గాలిలో శబ్దం మన ఎండాకాలపు వేడిలో సెకనుకి 350 మీటర్ల చొప్పున పోతుంది. 440 హెర్ట్జ్ స్వరం తీసుకుంటే దాని తరంగం పొడవు 80 సెంటీమీటర్లు. అందులో సగం, అంటే 40 సెంటీమీటర్లు, స్పీకరుకి దగ్గరగానో దూరంగానో జరిగితే తీగని ముందుకు తోసే గాలి వెనక్కి లాగే గాలవుతుంది. చిన్న అడుగు చాలు. ఒక చోట మొర్రోమన్న గిటార్ పక్క పలక మీదకి జరగ్గానే నోరు మూసుకునేది ఇందుకే. అయితే అక్కడ వేరే స్వరం మేలుకునే వీలుంది కాబట్టి సౌండ్ చెక్‌లోనే నాలుగు చోట్ల నిలబడి చూసుకోవాలి.

దూరం రెట్టింపైతే, ఆరుబయట, శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మానిటర్‌కి అర మీటరులో ఉన్నవాళ్లు ఒక మీటరుకి జరిగినా పెద్ద తేడాయే. నాలుగు గోడల మధ్య అంత తగ్గదు, గోడలు తిరిగి కొడతాయి. గిటార్ ముఖం స్పీకరు వైపు లేకుండా పక్కకి తిరగండి. మీ ఒళ్లే అడ్డుగోడవుతుంది. సన్నటి కీచు శబ్దాలు స్పీకరు నుంచి తిన్నగా టార్చి వెలుగులా పోతాయి కాబట్టి ఆ దారి నుంచి తప్పుకుంటే చాలావరకు తప్పుకున్నట్టే.

చేతుల విషయం ఎవరూ నేర్పరు. వాయించని తీగలన్నిటి మీదా ఏదో ఒక వేలు ఆనించి ఉండాలి. పైతీగల్లో లీడ్ వాయిస్తుంటే కింది శ్రుతి తీగలు కుడి అరచేతి అంచు కింద ఉండాలి. ఎడమచేతి చూపుడువేలు నొక్కిన తీగకి పక్కనున్నవాటిని తాకుతూ ఉండాలి. మన సినిమా పాటల్లో గిటారిస్టుకి ఎనిమిది బార్ల లీడ్, ఆ తర్వాత చరణమంతా ఖాళీ. కూత ఎక్కువగా వచ్చేది ఆ ఖాళీలోనే. చిటికెన వేలితో వాల్యూమ్ నాబ్ మూయడం అలవాటైతే సగం పీడ పోతుంది. స్ట్రాట్‌లో ఆ నాబ్ వేలికి అందేలా ఉంటుంది, వేరే గిటార్లలో వాల్యూమ్ పెడల్ పెట్టుకోండి. నాయిస్ గేట్ ఉంది కదా అంటారు. ఖాళీలో అది తలుపు వేస్తుంది, నిజమే. మీరు వాయించగానే తలుపు తెరుస్తుంది కాబట్టి వాయిస్తుండగా వచ్చే కూతని ఆపదు. పైగా గట్టిగా బిగిస్తే సాగదీసిన చివరి స్వరాన్ని కత్తిరించేస్తుంది. నేను వాడతాను, దాన్ని నమ్ముకోను.

సౌండ్ ఆపరేటర్‌తో మాట్లాడటం ఒక కళ. ఒకసారి రాజమండ్రిలో, మిక్సర్ దగ్గరున్న పెద్దాయనతో అన్నాను:

"బాబాయ్, నా మానిటర్లో నా గిటార్ కాస్త తగ్గించవా? కీబోర్డు పెంచు చాలు."

ఆయన హెడ్‌ఫోన్ తీసి నన్ను ఎగాదిగా చూశాడు. "ముప్ఫై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాన్రా. నాది పెంచు అన్నవాళ్లే గానీ తగ్గించు అన్నవాణ్ణి నిన్నే చూశాను."

ఆ రోజంతా ఆయన నాకు అడిగింది లేదనకుండా చేశాడు. మీ మానిటర్లో మీ గిటార్ ఎంత తక్కువైతే చక్రం అంత బలహీనం. ఇంకోటి అడగొచ్చు: కూసే శ్రుతి ఏదో ఫోన్లో స్పెక్ట్రమ్ చూపించే యాప్‌తో పట్టుకుని, మానిటర్ ఈక్వలైజర్లో ఆ ఒక్క చోట 3 నుంచి 6 డెసిబెల్స్ తగ్గించమనడం. జనానికి వెళ్లే సౌండ్‌ని ముట్టుకోవద్దని కూడా చెప్పండి, మీ ధ్వని అక్కడ పాడవకూడదు. ఇయర్ మానిటర్లు ఉన్న ట్రూపులకి ఈ పేరా అక్కర్లేదు, అదృష్టవంతులు.

సాయంత్రం ఐదింటికి ఖాళీ హాల్లో చెక్ చేసుకున్నప్పుడు గోడలు మోగుతాయి. జనం నిండాక ఒళ్లూ బట్టలూ శబ్దాన్ని పీల్చుకుని కాస్త నయమవుతుంది. గ్రౌండులో మాత్రం దీనికి తలకిందులు. ఏడింటికి ఉన్న వాల్యూము తొమ్మిదిన్నరకి ఉండదు. ఒకరు పెంచితే ఇంకొకరు పెంచుతారు. పదింటికి పోలీసులొచ్చి మొత్తం ఆపేదాకా ఆ పందెం నడుస్తుంది. కాబట్టి చెక్‌లో మీకు కావలసినదానికన్నా కొంచెం ఎక్కువ పెట్టి, అప్పటికీ కూయకపోతేనే ఊపిరి పీల్చుకోండి.

ఇప్పుడు పికప్ కూత. ముందు పైసా ఖర్చులేని పనులు. వదులైన మరలు బిగించండి. స్ట్రాట్ వెనక మూత తీసి ట్రెమొలో స్ప్రింగుల కింద చిన్న స్పాంజి ముక్క దోపండి, స్ప్రింగుల గంట మోత పోతుంది. పికప్ ఎత్తు చూడండి. చివరి ఫ్రెట్ నొక్కిపెట్టి కొలిస్తే తీగకీ పికప్‌కీ మధ్య సుమారు 2 మిల్లీమీటర్ల జాగా ఉండాలి. బాగా దగ్గరైతే సిగ్నల్ పెరుగుతుంది, దాంతోపాటు గొడవా పెరుగుతుంది.

పికప్ మరలకి ఉండే స్ప్రింగులు వణికితే వాటిని తీసేసి రబ్బరు గొట్టం ముక్కలు వేయాలి. ఫెండర్ వాళ్లు కొన్ని గిటార్లలో స్ప్రింగులకి బదులు అదే వాడారు. మనకి అది సైకిల్ కొట్లో దొరుకుతుంది. పాత తరహా వాల్వుకి తొడిగే సన్నటి నల్ల వాల్వు ట్యూబు. బారెడు కొనుక్కుంటే పది గిటార్లకి వస్తుంది. ఒకటిన్నర సెంటీమీటరు ముక్కలు కోసి మరకి తొడిగి బిగించండి. నా దగ్గరకి కూత అని వచ్చిన చవక గిటార్లలో కొన్ని ఈ రబ్బరు ముక్కలతోనే నయమై వెళ్లిపోయాయి. వాటిని పట్టుకెళ్లేవాళ్లు డబ్బులిచ్చేటప్పుడు మాత్రం "ఇంతేనా?" అన్నట్టు చూస్తారు.

అప్పటికీ తగ్గకపోతే మైనం. దీన్ని పూర్తిగా చెబుతాను, కానీ ఖరీదైన పికప్పు, పాత పికప్పు, ఎవరిదో అరువు తెచ్చిన పికప్పు అయితే మీరు చేయకండి. తెలిసినవాళ్లకివ్వండి. లోపల ఎపాక్సీ పోసి మూసేసిన ఈఎంజీ లాంటి యాక్టివ్ పికప్పులకి ఈ పని అక్కర్లేదు.

కావలసింది నాలుగు పాళ్లు పారఫిన్ మైనం, అంటే కొవ్వొత్తులు పోసేవాళ్లు వాడేది, ఒక పాలు తేనెమైనం. పారఫిన్ ఒక్కటే అయితే గడ్డకట్టాక పెళుసుగా ఉంటుంది, తేనెమైనం దానికి జిగి ఇస్తుంది. ఒక పెద్ద గిన్నెలో నీళ్లు, అందులో మైనం ఉన్న చిన్న గిన్నె. మైనాన్ని ఎప్పుడూ నేరుగా మంట మీద పెట్టకండి, అంటుకుంటుంది. అంటుకుంటే నీళ్లు చల్లకుండా మూత పెట్టి స్టవ్ కట్టేయాలి. మూత పక్కనే ఉంచుకోండి. ఇంట్లో పాలగిన్నె మాత్రం తీసుకోవద్దు. నేను తీసుకున్నాక మా ఇంట్లో వారం రోజులు నాకు టీ లేదు.

వంటలకి వాడే డిజిటల్ థర్మామీటర్ ఒకటి కావాలి. ఇది లేకుండా మొదలుపెట్టనే వద్దు. మైనం వేడి 60 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. దాటితే పికప్ ప్లాస్టిక్ బాబిన్ అప్పడంలా వంకరపోతుంది, మళ్లీ తిన్నగా కాదు. పికప్‌ని గిటార్ నుంచి విడదీసే ముందు వైర్లు ఏది ఎక్కడ ఉందో ఫోన్లో ఫొటో తీసుకోండి. మల్టీమీటర్‌తో రెసిస్టెన్సు కొలిచి రాసిపెట్టుకోండి. స్ట్రాట్ పికప్ 6 కిలోఓమ్‌ల దగ్గర, మామూలు హంబకర్ 7 నుంచి 9 దాకా చూపిస్తుంది. ప్లాస్టిక్ మూత ఊడదీసి పక్కన పెట్టండి. అయస్కాంతపు కడ్డీల్ని వేలితో నెట్టకండి, నేరుగా కడ్డీల మీద చుట్టిన కాయిల్ అయితే తెగిపోతుంది.

వైరు పట్టుకుని పికప్‌ని మైనంలోకి దించండి, అడుగు తగలకూడదు. నిమ్మకాయ సోడా కొట్టినట్టు బుడగలు మొదలవుతాయి. అది చుట్ల మధ్య ఉన్న గాలి. ఆ గాలి బయటికొస్తుంటే దాని చోట మైనం దూరుతోంది. బుడగలు ఆగేదాకా ఉంచండి, పది నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. చివరి బుడగ కోసం కక్కుర్తిపడి వేడి పెంచకండి. తీసి, కారిపోనిచ్చి, వెచ్చగా ఉండగానే పాత బనీను గుడ్డతో తుడిచేయండి. చల్లారాక మళ్లీ కొలవండి. మొదటి అంకె దగ్గర్లో ఉంటే గండం గడిచినట్టే. ఏమీ చూపించకపోతే తీగ ఎక్కడో తెగింది. మళ్లీ చుట్టించడమో, కొత్తది కొనడమో తప్పదు. నేను మొదటిసారి ముంచిన పికప్‌కి అదే జరిగింది. అది నాదే కావడం ఒక్కటే అదృష్టం.

లోహపు మూత ఉన్న హంబకర్‌లో మూతకీ కాయిలుకీ మధ్య ఖాళీయే అసలు దొంగ. ముంచినప్పుడు మూతతో సహా ముంచి, ఆ ఖాళీ నిండేదాకా ఆగండి. మూత తీసేసి వాడేవాళ్లూ ఉన్నారు, అదీ పనిచేస్తుంది.

లోపల డొల్లగా ఉండే సెమీ అకౌస్టిక్ గిటార్లకి మైనం పెద్దగా పనిచేయదు. అక్కడ వణికేది చెక్కే. బి.బి. కింగ్ తన గిటార్ 'ఎఫ్' రంధ్రాల్లో గుడ్డలు కుక్కి వాయించేవాడు. 1980లో గిబ్సన్ ఆయన పేరుతో తెచ్చిన లుసీల్ మోడల్‌కి అసలు ఆ రంధ్రాలే పెట్టలేదు. మీరూ స్పాంజి కుక్కవచ్చు. బ్రిడ్జి కింద పీజో ఉన్న అకౌస్టిక్ గిటార్‌కయితే గుండ్రటి రంధ్రాన్ని మూసే రబ్బరు బిళ్ల దొరుకుతుంది, చవక, పనిచేస్తుంది.

కూతా కాదు, కీచూ కాదు, ఎడతెగని 'బుయ్య్' అయితే అది ఫీడ్‌బ్యాకే కాదు, మన 50 హెర్ట్జ్ కరెంటు మోత. సీరియల్ లైట్లు, డిమ్మర్లు, ఎల్ఈడీ గోడలు దాన్ని పెంచుతాయి. సింగిల్ కాయిల్ అయితే ఒళ్లు తిప్పిన దిక్కుని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. దీనికే రాగి రేకు, హంబకరు. దీన్ని తగ్గించడానికి కొందరు ప్లగ్గుకున్న మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, విరిచేస్తారు. ఒక్కసారి కూడా చేయకండి. గిటార్ తీగలు ఆంప్ ఎర్త్‌కి కలిసి ఉంటాయి. జనరేటర్ మీద నడిచే పందిట్లో ఎర్త్ సరిగా లేకపోతే, ఒక చెయ్యి తీగల మీద ఉండి పెదవి మైకుకి తగిలిందంటే కరెంటు మీలోంచి పోతుంది. 1972 మే నెలలో వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వే స్టేజి మీదే అలా చనిపోయాడు, ఎర్త్ లేని మైకు ముట్టుకుని. స్టేజి ఎక్కగానే వేలి వెనక భాగంతో మైకుని ఒకసారి తాకి చూసేవాళ్లని మీరు చూసే ఉంటారు. అది చాదస్తం కాదు గానీ, పరీక్షా కాదు. పనిముట్లలో ఉండే టెస్టర్ స్క్రూడ్రైవర్ మైకుకీ గిటార్ తీగలకీ పెట్టి చూడండి. అది వెలిగితే ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్త్ కట్టేదాకా గిటార్ తగిలించుకోకండి, లీడరు ఎంత అరిచినా.

సంచిలో ఉండాల్సినవి: టెస్టర్, చిన్న స్క్రూడ్రైవర్, వాల్వు ట్యూబు ముక్క, ఒక మంచి కేబులు, నల్ల టేపు, తెల్ల టేపు. టేపులు ఎందుకంటే, కార్లోస్ సంటానా సౌండ్ చెక్‌లో ఏ చోట నిలబడితే ఏ స్వరం సాగుతుందో చూసుకుని నేల మీద టేపుతో గుర్తులు పెట్టుకునేవాడు. ఆయన కూత కావలసిన చోట్లు వెతుక్కున్నాడు. నేను రెండూ వెతుక్కుంటాను. కూయని చోట నల్ల టేపు, చివరి స్వరం సాగాలనుకున్నప్పుడు నిలబడాల్సిన చోట తెల్ల టేపు. మొన్న తణుకులో సౌండ్ చెక్ అయ్యాక టీ తాగి వచ్చేసరికి రెండూ లేవు. డాన్సర్ కుర్రాడొకడు పీకి చెప్పు అతికించుకున్నాడు. "అన్నా, చెత్తేమో అనుకున్నా" అన్నాడు.